‘అక్కడ’ అంటే ఎక్కడ?

“డాక్టర్, అక్కడ కొంచెం నొప్పిగా ఉంటోంది” అన్నా.

“అక్కడ అంటే ఎక్కడమ్మా?” అని అడిగారావిడ.

ఒక్క మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆఫీసులో ఎవరైనా ‘యాప్ పనిచేయట్లేదు’ అని మాత్రమే రాసి టికెట్ వేస్తే, ‘ఏ పేజీలో? ఏం నొక్కితే?’ అని విసుక్కునేదాన్ని నేనే. తీరా నా ఒంటి దగ్గరకు వచ్చేసరికి ‘అక్కడ’ అని ఊరుకున్నా.

అప్పుడు నాకు ఏడో వారం. వాంతుల గురించి అందరికీ చెప్పా, మేనేజర్‌తో సహా. అత్తయ్య అల్లం మురబ్బా పంపారు. పక్క సీటు అమ్మాయి నిమ్మకాయ తెచ్చిచ్చింది. చనుమొనలు పగిలి మండుతున్నాయని మాత్రం మా ఆయనకి కూడా చెప్పలేదు. స్నానం చేస్తుంటే నీళ్లు తగిలి చురుక్కుమనేది. మెట్రోలో ఎవరి మోచెయ్యి తగులుతుందోనని బ్యాగు గుండెలకు అడ్డం పెట్టుకుంటే, ఆ బ్యాగే తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇన్ఫెక్షనేమోనని భయమేసి, రోజుకు మూడుసార్లు యాంటీసెప్టిక్ సబ్బుతో కడిగా. పగుళ్లు తగ్గకపోగా ఇంకా పెరిగాయి.

డాక్టర్ చూసి, “సబ్బు ఆపెయ్” అన్నారు ముందు. తర్వాత విడమరిచి చెప్పారు. నెల తప్పిన మొదటి వారాల్లోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు పెరుగుతాయి. రొమ్ములకు రక్తం ఎక్కువగా చేరుతుంది, చర్మం సాగుతుంది. అందుకే సలుపు, మంట. చాలామందికి మూడు నెలలు దాటాక ఇది తగ్గుతుంది. చనుమొన చుట్టూ నల్లటి భాగంలో కనిపించే చిన్న బొడిపెలు మొటిమలు కావు, నూనె గ్రంథులు. 1837లో వాటి గురించి వివరంగా రాసిన ఐర్లండ్ వైద్యుడి పేరుతో వాటిని మాంట్‌గోమరీ గ్రంథులంటారు. చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె వాటి నుంచే వస్తుంది. నేను రోజుకు మూడుసార్లు కడిగేసింది ఆ నూనెనే!

ఆవిడ చెప్పిన జాగ్రత్తలు చాలా మామూలువి. అక్కడ (అంటే చనుమొనల దగ్గర!) సబ్బు లేకుండా గోరువెచ్చని నీళ్లు చాలు. తుడిచేటప్పుడు రుద్దకుండా మెత్తగా అద్దాలి. వైరు, లేసు లేని కాటన్ బ్రా, అదీ సరిపడా సైజుది వేసుకోవాలి. పగుళ్లకు లానోలిన్ ఆయింట్‌మెంట్ కొద్దిగా రాయాలి. ఏ క్రీమైనా డాక్టర్‌ని అడిగాకే.

కొన్నిటికి మాత్రం ఆగకూడదట. రక్తం గానీ చీము గానీ వచ్చినా, గడ్డ తగిలినా, జ్వరంతో పాటు ఎర్రబడి వేడెక్కినా, ఒకవైపే పుండులా పొలుసులు లేచి మానకపోయినా వెంటనే చూపించుకోవాలి.

పది రోజుల్లో పగుళ్లు మానాయి. సలుపు ఇంకొన్ని వారాలుంది గానీ, భయం ఆ రోజే పోయింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పా. “నాకూ నీ కడుపప్పుడు అలాగే అయింది” అంది తాపీగా. పైగా, పాలిచ్చేనాటికి గట్టిపడాలని గరుకు తువ్వాలుతో రుద్దమన్నారట ఆమెని. అలా రుద్దాల్సిన అవసరమే లేదని డాక్టర్ అప్పటికే నాకు చెప్పారు. పాపం, అమ్మకి చెప్పినవాళ్లు లేరు.

“మరి నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు అడగలేదుగా!”

నిజమే. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అందుకే ఈ వారం, మీరు అడక్కముందే చెప్పేస్తున్నా.