తల్లిని చూపించమని అడగండి

బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో తిరిగే కుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేసి, టీకాలు వేసి, తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్లకు చేర్చాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. 2019 పశుగణన లెక్కన దేశంలో వీధికుక్కలు కోటీ 53 లక్షలు. ఉన్న షెల్టర్లే కిక్కిరిసిపోయాయి, కొత్తవాటికి స్థలమెక్కడ, డబ్బెక్కడ అని మున్సిపాలిటీలు తల పట్టుకుంటున్నాయి. ఇంత చర్చలోనూ ఒక ప్రశ్న గట్టిగా వినబడటం లేదు. ఒకపక్క వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ప్రజల సొమ్ముతో ఆపరేషన్లు చేయిస్తున్నాం. మరోపక్క అమ్ముకోవడానికే కుక్కపిల్లల్ని పుట్టిస్తున్నవాళ్లను అడిగే నాథుడేడీ?

సూరత్ నుంచి వరాఛా, సర్థాణా దాటి కామ్‌రేజ్ వైపు వెళ్తే ఒకప్పటి చెరకు తోటల జాగాలో ఇప్పుడు వరసగా ఇళ్ల సొసైటీలు కనిపిస్తాయి. లింబాయత్‌లో మరమగ్గాల మీద బతుకు కట్టుకున్న మా ఎరుకలోని తెలుగు కుటుంబం ఒకటి అక్కడ ఇల్లు కొనుక్కుంది. పిల్లాడు హస్కీ జాతి కుక్కపిల్ల కావాలని పట్టుబట్టాడు. ఫోన్‌లో ప్రకటన చూసి బేరం కుదుర్చుకున్నారు. అమ్మే మనిషి ఇంటికి రమ్మనలేదు. హైవే పక్కకు బైకు మీద వచ్చి, అట్టపెట్టె తెరిచి పిల్లను చేతిలో పెట్టాడు. "తల్లిని చూడొచ్చా భాయ్?" అంటే, "ఊళ్లో ఉంది, ఫొటో పంపిస్తా" అన్నాడు. వారం తిరక్కుండానే ఆ పిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు పార్వో వైరస్ అన్నారు. అది బతకలేదు. అమ్మినవాడి ఫోను ఆ తర్వాత మోగలేదు.

దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకోలేను. ముర్రుపాలతో వచ్చిన రక్షణ తగ్గిపోయి, టీకా ఇంకా పనిచేయని ఆ కొద్ది వారాల్లోనే పార్వో కాటేస్తుంది. నెల దాటగానే పిల్లను అమ్మేస్తే తిండి ఖర్చు, టీకాల ఖర్చు మిగులుతాయి. ఎదకొచ్చిన ప్రతిసారీ తల్లిని దాటిస్తే ఏడాదికి రెండు ఈతలు. తల్లిని చూపించరెందుకంటే, చూస్తే కొనబుద్ధి కాదు కాబట్టి. వేలాడే పొదుగు, రాలిన బొచ్చు, ఇనుప జాలి మీద ఒరుసుకుని పుండ్లు పడిన మోచేతులు ఆ వ్యాపారం లెక్కలన్నీ చెప్పేస్తాయి.

చట్టం లేదా అంటే, ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017 మేలో నియమాలు తెచ్చింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని కుక్కను, ఎనిమిదేళ్లు దాటిన కుక్కను ఈనించకూడదు. ఏడాదికి ఒకటి, జన్మకు ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. వీటిలో సగం అమలైనా ఆ అట్టపెట్టె వ్యాపారం ఒక్కరోజైనా నడవదు.

బతికిన పిల్లల కథైనా సుఖాంతం కాదు. సైబీరియా చలికి రెండు పొరల బొచ్చు పెంచుకున్న హస్కీని తీసుకొచ్చి సూరత్ ఎండల్లో, హైదరాబాద్ ఎండల్లో కట్టేస్తున్నాం. 2003లో పగ్ కుక్కతో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక ఊరూరా పగ్ కావాలన్నారు. ఆ చదును మూతితో అది జీవితమంతా గురకపెడుతూ ఊపిరి పీల్చుకోవాల్సిందేనని కొన్నాక గాని తెలియదు. మోజు తీరాక, కరెంటు బిల్లు, డాక్టరు బిల్లు చూశాక, కొందరు షెల్టరు గేటుకు కట్టేసి వెళ్తారు. ఈనే వయసు దాటిన తల్లులదీ అదే దారి. లాభం అమ్మినవాడిది, భారం విరాళాల మీద నడిచే షెల్టరుది. నాకు అన్యాయంగా తోచేది ఇదే.

అలాగని పెంపకాన్నే మొత్తంగా నిషేధించమనను. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన మన జోనంగి కుక్క ఇవాళ కనుమరుగయ్యే స్థితిలో ఉంది. శ్రద్ధగా పెంచేవాళ్లు లేకపోతే ఆ జాతి మిగలదు. జాతి పేర్లు రాసి నిషేధించడమూ నిలవలేదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల పెంపకం, అమ్మకాలు ఆపమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, కర్ణాటక హైకోర్టు నెల తిరిగేలోగా దాన్ని కొట్టేసింది. కుక్క ఏ జాతిదన్నది కాదు, దాన్ని పుట్టించినవాడు ఎలాంటివాడన్నది చూడాలి.

ఇంగ్లండ్ 2020లో ఆ పని చేసింది. ఆరు నెలల లోపు పిల్లల్ని దళారులు, దుకాణాలు అమ్మకూడదు. కొనేవాళ్లు పుట్టినచోటికే వెళ్లి, తల్లి పక్కన ఉన్న పిల్లను చూసి తెచ్చుకోవాలి. వేల్స్‌లోని ఒక పెంపక కేంద్రం నుంచి బయటపడిన లూసీ అనే తల్లికుక్క పేరు మీదే ఆ చట్టాన్ని పిలుస్తున్నారు. మనకూ అలాంటిది కావాలి. నమోదైన పెంపకందారుల జాబితాను ప్రతి రాష్ట్ర బోర్డూ అందరికీ కనిపించేలా పెట్టాలి. నమోదు నంబరు లేని ప్రకటనను ఫోన్లలో రానివ్వకూడదు. పెంపుడు కుక్కకు లైసెన్సు ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ అమ్మినవాడి నంబరూ అడగాలి. పెంపకందారుల దగ్గర వసూలయ్యే రుసుములో వాటా షెల్టర్లకు దక్కాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు, కొనే చేతిలోనే బలముంది. కుక్క కావాలనుకుంటే ముందు దగ్గర్లోని షెల్టరుకు వెళ్లండి. ఇంటిల్లిపాదినీ కాచుకునే ఊరకుక్క పిల్లలు అక్కడ ఎదురుచూస్తున్నాయి. కాదు, ఫలానా జాతే కావాలంటే తల్లిని చూపించమనండి, నమోదు కాగితం అడగండి. చివరగా ఇంకొక్కటి అడగండి: ఏ కారణంతోనైనా మేం సాకలేకపోతే, ఇది ఎంత ముసలిదైనా వెనక్కి తీసుకుంటావా? ఆ మాట ఇవ్వలేనివాడికి డబ్బు కోసం ఒక ప్రాణాన్ని పుట్టించే హక్కు లేదు. వాడి చేతిలో రూపాయి పెట్టే హక్కు మనకూ లేదు.