అచ్చు మారినా అక్షరం మిగలాలి

పాత సీడీలోని తెలుగు పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించిన అనుభవం చాలామందిదే. యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకానికి ఆ ఫాంటు దొరక్కపోతే అదే గతి. రచన ఉంటుంది, చదవలేం.

విదేశీ ప్రచురణకర్తలకు పేజీలు కూర్చిపెట్టే సంస్థలున్న ఊరు పుదుచ్చేరి. అదే ఊళ్లో, ముత్తియాల్‌పేటలో ఉండే తెలుగు రచయిత తన పుస్తకం తానే కూర్చుకోవచ్చా?

కూర్చుకోవచ్చు. 1978లో డోనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్, 1980లలో లెస్లీ లాంపోర్ట్ దానిపై నిర్మించిన లేటెక్ ఇందుకు ఉచిత సాధనాలు. 2004లో వచ్చిన జీటెక్ యూనికోడ్ తెలుగును నేరుగా చదువుతుంది. జీటెక్ ఆధారంగా తయారైన టెక్టానిక్‌లో మౌస్‌తో పనిలేదు, ఆదేశం టైపు చేయాలి. ‘న్యూ’ అంటే ప్రాజెక్టు ఫోల్డరు సిద్ధం. అందులో ఫాంటు, పేజీ అమరికల నమూనా ఒక ఫైల్లో, రచన వేరే ఫైల్లో ఉంటాయి. ‘బిల్డ్’ అంటే పీడీఎఫ్ చేతికొస్తుంది. కావలసిన ప్యాకేజీలను అదే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది.

పుస్తకం సైజు మారితే నమూనా దిద్దితే చాలు, రచనను ముట్టుకోనక్కర్లేదు. మొదట్లో ఆ నల్లటి తెర భయపెడుతుంది, నిజమే. ఒక్క ఆదేశం తప్పితే పేజీ రాదు. కానీ రచన మామూలు టెక్స్టుగా ఉంటుంది కనుక రేపు ఈ సాఫ్ట్‌వేర్ పోయినా మరో దాంట్లో తెరుచుకుంటుంది. వాడిన ఫాంటును కూడా అదే ఫోల్డర్లో దాచుకోండి. డీటీపీ సెంటర్ మూతపడినా మీ పుస్తకం మీ దగ్గరే ఉంటుంది.