అలల పలకయు మన చెరువును

మన పూర్వవిద్యార్థి యొకరు హైటెక్ సిటీలోని యొక సంస్థయందు ఉద్యోగము చేయుచున్నారు. తాము కొని యుంచుకొన్న విండ్‌సర్ఫింగు పలకను పాఠశాలకు దానముగా నిచ్చెదమని వారు ఈ సంవత్సరము వర్తమానము పంపిరి. అది సముద్రపు కెరటములపై నడుపుటకై ప్రత్యేకముగా చేయబడిన పలక. వార్త తెలిసిన దినముననే పదవతరగతి బాలబాలికలు ముప్పదిమంది సంతకములు చేసి, దానిని వెంటనే స్వీకరింపవలసినదని ప్రధానోపాధ్యాయులవారికి మహజరు సమర్పించిరి. అక్షరములు దిద్దుకొన్న పలక తరువాత వారి మనస్సుల నింతగా నాకర్షించిన పలక మఱియొకటి లేదనవచ్చును. ఈ విషయమున మాకు తోచిన యభిప్రాయమును విద్యార్థులకును, తల్లిదండ్రులకును, ఉపాధ్యాయవర్గమునకును విన్నవించుట మా ధర్మమని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విండ్‌సర్ఫింగు అన నేమో ఎఱుగనివారికై ముందుగా కొంత చెప్పవలసియున్నది. తేలెడు పలకపై ఒక స్తంభమును, దానికి తెరచాపను అమర్చుదురు. స్తంభము పడవలోవలె స్థిరముగా నిలిచియుండదు. అడుగున కీలుండుటచే అన్ని దిక్కులకు వంగును. నడుపువాడు నిలుచుండి, తెరచాప నడుమనున్న అడ్డకఱ్ఱను చేతులతో పట్టుకొని, తన శరీరభారముతోనే గాలి నెదుర్కొనవలెను. చుక్కాని లేదు, తెరచాపను ముందునకు వంచిన పలక గాలికి దూరముగా తిరుగును, వెనుకకు వంచిన గాలివైపునకు తిరుగును. అమెరికాలో హాయిల్ ష్వైట్జరు, జిమ్ డ్రేకు అనువారు ఇట్టి సాధనమునకు 1970లో పేటెంటు పొందిరి. 1984లో లాస్ ఏంజిలీసునందు జరిగిన ఒలింపిక్కు క్రీడలలో ఇది మొదటిసారి చేర్చబడినది.

ఇక దాతగారి యనుభవమును వారి యనుమతితో చెప్పుచున్నాము. హవాయి ద్వీపములందు తాటిచెట్టంత కెరటములపై ఎగురు వీరుల చిత్రములను చూచి వారు ముగ్ధులైరి. అట్టివారు వాడు పలకనే కొనిరి. ఒక వర్షాకాలపు ఆదివారమున నగరమందలి యొక చెరువులో దానిని దింపిరి. పలకపై నిలుచుండగనే అది మోకాళ్లలోతునకు మునిగినది. తెరచాప నెత్తబోవగా ప్రక్కకు దొర్లినది. రెండు గంటలు పెనుగులాడి, గాలి త్రోసినకొలది ఆవలిగట్టునకు కొట్టుకొనిపోవుచుండగా, కావలి పడవవారు వచ్చి ఒడ్డునకు చేర్చిరి. ఆ పలక నేటికి రెండు సంవత్సరములుగా వారి యింటి బాల్కనీలో బట్టలారవేయుటకు తోడ్పడుచున్నది. పలక చెడ్డది కాదు. అమ్మినవారు మోసము చేయలేదు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లైనది, అంతియే.

ఇందుకు కారణము తొమ్మిదవతరగతి భౌతికశాస్త్రములోనే యున్నది. ఆర్కిమెడీసు సూత్రము ననుసరించి, నీట మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలముచే పైకి నెట్టబడును. మంచినీరు లీటరొకటి కిలోగ్రాము తూగును. ఉప్పునీరు సుమారు 1.025 కిలోగ్రాములు తూగును. దాతగారి బరువు 72 కిలోలు. స్తంభము, తెరచాప, అడ్డకఱ్ఱ కలసి 10 కిలోలు. పలక 7 కిలోలు. మొత్తము 89. వారి పలక ఘనపరిమాణమో 82 లీటర్లే. చెరువులో అది మోయగలిగినది 82 కిలోలు, సముద్రములో 84. అనగా ఎచ్చట దింపినను నిలిచియున్నప్పుడు మునుగవలసినదే!

మఱి యట్టి పలక నేల చేయుదురు? వేగమే దానికి ఆధారము. గాలి బలముగా నున్నప్పుడు పలక నీటిమీదుగా జాఱుచు, అడుగుభాగమునకు తగిలెడు నీటి ఒత్తిడిచేతనే పైకెత్తబడును. నేర్పరి దానిపై నెక్కి తెరచాప నెత్తడు. నీటిలో వెల్లకిల తేలుచు తెరచాపను గాలికి పట్టి, ఆ గాలిచేతనే పైకి లేవనెత్తించుకొనును. ఈ విద్య రానివానికి అట్టి పలక నిచ్చుట, నడకరాని శిశువునకు గుఱ్ఱము నిచ్చుటయే.

పదవతరగతివారు ఈ లెక్కను మాకంటె ముందే వేసియుండిరని సంతోషముతో నొప్పుకొనుచున్నాము. వారి వాదమిది: “మాలో 45 కిలోల బరువుగలవారున్నారు. చిన్న తెరచాపతో 8, పలకతో 7 కలిపిన 60 కిలోలే యగును. ఇంకను 22 లీటర్లు మిగులును గదా!” లెక్క సరియైనదే. కాని తేలుట వేఱు, నిలుచుట వేఱు. ఆ పలక వెడల్పు 57 సెంటీమీటర్లు, పొడవు 230. నేర్చుకొనువారి పలకలు ఎనుబది, తొంబది సెంటీమీటర్ల వెడల్పున నుండును. ఇఱుకుపలక నిలకడగానున్న నీటిలో బొంగరమువలె తిరుగును. అదియునుగాక, నేర్చుకొనువారి పలక నడుమ క్రిందికి దిగు మునుగుపలక యొకటి యుండి, గాలి ప్రక్కకు త్రోయకుండ నాపును. అలల పలకకు అది లేదు. కావున దానిపై నిలువగలిగిన బాలుడుకూడ బయలుదేఱిన చోటికి తిరిగి రాలేడు. దాతగారు ఆవలిగట్టునకు కొట్టుకొనిపోయినది ఇందువలననే.

పలక యాకారమునుగూర్చియు ఒక మాట. అలల పలక ముందువెనుకల పైకి వంగియుండును. ఆ వంపుచేత కెరటపు ముఖముననుండి దిగునపుడు ముక్కు నీట గ్రుచ్చుకొనదు. ఇఱుకైన చోటులందును చక్కగా మలుపవచ్చును. ఆ వంపే చదునైన నీటిలో వేగమునకు చేటు. అడుగున నొక రెక్కయో, రెండో, మూడో, నాలుగో యుండును. అవి ఎక్కువైనకొలది కెరటముపై పట్టు హెచ్చును గాని నీటి ఒరపిడియు హెచ్చును. ఇన్ని త్యాగములు కెరటముకొఱకు చేయబడినవి. కెరటము లేనిచోట ఆ త్యాగములు మాత్రము మిగులును, ఫలము దక్కదు.

మనకో కెరటములు లేవు. గాలి వందలకొలది కిలోమీటర్ల నీటిపై పరువెత్తిననే గొప్ప కెరటములు పుట్టును. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున త్రవ్వబడిన హుస్సేన్ సాగరమున గాలికి దొఱకెడు పరుగు కొద్ది కిలోమీటర్లే. 2020లో తీగలవంతెన వెలసిన దుర్గం చెరువున అంతకన్నను తక్కువ. పైగా మన నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నందున, ఇచ్చటి గాలి తీరపు గాలికంటె నూటికి ఐదువంతులు పలుచన. తెరచాపపై పడు బలము ఆమేరకు తగ్గును. గాలివేగము రెట్టింపైన బలము నాలుగు రెట్లగునన్నమాట నిజమే గాని, ఎత్తైన భవనముల నడుమనుండి వచ్చు గాలి ఒకక్షణము కొట్టి మఱుక్షణము చచ్చును. నేర్చుకొనువారికి అది గురువు కాదు, పరీక్షాధికారి!

అట్లని నీటిక్రీడలు మనకు తగవని మా భావము కాదు. ప్రతి జులైలో హుస్సేన్ సాగరముపై లేజరు పడవల పందెములు జరుగుచునే యున్నవి. సముద్రతీరము లేని మధ్యప్రదేశమున, భోపాలు సరస్సుపై నభ్యసించిన నేహా ఠాకూరు అను బాలిక, 2023 సెప్టెంబరులో ఆసియా క్రీడలలో తెరచాప పడవల పందెమున రజతపతకము గెలిచినది. ఆ క్రీడలలోనే ఇబాద్ అలీ విండ్‌సర్ఫింగునందు కాంస్యము గెలిచెను. అతడు నడిపిన ఆర్.ఎస్.ఎక్స్. జాతి పలక పొడవు 286 సెంటీమీటర్లు, వెడల్పు 93. పతకము తెచ్చినది వెడల్పైన పలకయే యని మన బాలురు గమనింతురు గాక!

“చిన్ననాడే గొప్ప సాధనము చేతికీయనిదే గొప్పవారెట్లగుదురు?” అని కొందఱు తల్లిదండ్రులును మమ్మడిగిరి. అలలపై నడుపుటలో జగత్ప్రసిద్ధుడైన రాబీ నైష్, 1976లో పదుమూడేండ్ల ప్రాయమున మొదటిసారి ప్రపంచవిజేత యయ్యెను. అతడప్పుడెక్కిన పలక సుమారు పండ్రెండడుగుల పొడవుగల, అందఱును నేర్చుకొను సామాన్యపు పలక. పొట్టి అలల పలకలు ప్రబలినది ఆ తరువాతనే. దిగిననే గాని లోతు తెలియదన్న సామెత యున్నది; దిగువాడు మెట్టుమెట్టుగా దిగవలెనని దానికి చేర్చుకొనవలెను.

ఎన్నడైన మన విద్యార్థి యొకడు నేర్పరియై, విశాఖతీరమునకు బోయి అలల పలకను ఎన్నుకొనదలంచినచో, అతనికి మా సలహా యిది. మొదట తన్ను తాను తూచుకొనవలెను. తాను నీటినుండి తెరచాపతో లేవగలడో లేడో నిజముగా చెప్పుకొనవలెను. పిమ్మట తాను దిగబోవు తీరపు అలలను, గాలిని ఎఱుగవలెను. ఇందుకు దూరమేగనక్కరలేదు: సముద్రమే లేని మన హైదరాబాదులో, ప్రగతినగరముననే, 1999లో స్థాపింపబడిన ఇన్‌కాయిస్ అను సంస్థ యున్నది. దేశపు తీరమంతటికి అలల యెత్తును, గాలిని ముందుగా తెలుపు సమాచారము అచ్చటినుండియే వెలువడును. ఒడ్డునుండి సముద్రమువైపునకు వీచు గాలిలో నెన్నడును దిగరాదు. విశాఖతీరమున లోనికి లాగుకొనిపోవు ప్రవాహములు ఈత వచ్చినవారినిసైతము బలిగొన్నవని మఱువరాదు.

పరీక్షించునప్పుడు ప్రయోగశాలలోని నియమమునే పాటింపవలెను. రెండు పలకలను ఒకే గంటలో, ఒకే తెరచాపతో, ఒకే నీటిలో మార్చి మార్చి నడపవలెను. ఒకసారి ఒక్క సంగతినే మార్చవలెను; రెక్కను, స్తంభపు స్థానమును ఒకేమారు మార్చినచో గుణము దేనిదో తెలియదు. సాఫీగా పోవుట చూచి మురియక, పదిమార్లు పడి పదిమార్లు లేచి చూడవలెను. నురుగుకెరటములను దాటి లోనికి పోగలుగుటయు, అల పాదమున కుడియెడమలకు మలుపగలుగుటయు, అలసిన పిమ్మట ఒడ్డు చేరగలుగుటయు నిజమైన గుఱుతులు. పాతపలక నైనచో, పాదపట్టీలచెంత బొటనవ్రేలితో నొక్కి మెత్తదనమున్నదేమో చూడవలెను, ముక్కున బీటలు వెదకవలెను, తక్కెడలో తూచవలెను. తయారుచేసినవారు చెప్పిన బరువుకంటె మిక్కిలి ఎక్కువ తూగినచో, లోపలికి నీరు దిగినదని తెలియును.

ఇప్పుడు దానము మాటకు వత్తుము. మహజరులో సంతకము చేసిన ముప్పదిమందిని పిలిచి, ఈత వచ్చినవారు చేతులెత్తుడని మేమడిగితిమి. పదునొకండ్రు ఎత్తిరి. తక్కిన పందొమ్మండుగురు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. మా యభిప్రాయమునకు ఇంతకన్న వేఱు హేతువు కావలసియుండదు.

కావున ఆ పలకను పాఠశాల స్వీకరింపరాదని మా నిశ్చితాభిప్రాయము. దాతగారి యౌదార్యమునకు మేము కృతజ్ఞులము. దానిని తీరమందలి నేర్పరి కెవనికైన అమ్మి, వచ్చిన సొమ్ముతో ఒక పాత వెడల్పైన నేర్చుకొను పలకను, శరీరమునకు సరిపోవు లైఫ్ జాకెట్లను ఇప్పింపవలసినదని వారిని వేడుచున్నాము. రాబోవు సంవత్సరమున మొదట ఈతతరగతి జరుగవలెను. ఈత వచ్చినవారికే పలక. పలకపై నడిపి తిరిగి బయలుదేఱిన చోటికే రాగలవారికే పెద్ద సాధనముల మాట. తల్లిదండ్రులు ఆటవస్తువులు కొనునప్పుడు చిత్రమును గాక బిడ్డను చూచి కొందురు గాక.

పందొమ్మండుగురు విద్యార్థులారా, మీ మహజరును మేము త్రోసివేయలేదు. పై సంవత్సరము ఇదే సమయమున అదే ప్రశ్న మరల అడిగెదము. అప్పుడు ముప్పది చేతులును లేచునని నమ్ముచున్నాము.