సరకు కంటె కబురు ముందు

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత మన రైతుకు కొత్తది కాదు. కాని 2020 మార్చి నెలాఖరున మన కోస్తా చెరువుగట్ల మీద ఆ సామెతలోని మొదటి సగం అక్షరాలా నిజమై కూర్చున్నది.

మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. భీమవరం, కైకలూరు, నెల్లూరు ప్రాంతాలలో ఎన్నో చెరువులు పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. పట్టుబడికి ఐసు కావాలి, లారీ కావాలి, పనిచేసే చేతులు కావాలి. మూడింటికీ ఒక్కసారే కరువు వచ్చింది.

వడ్లయితే గాదెలో పోసి, మంచి ధర వచ్చేదాకా తాళం వేసుకోవచ్చు. చెరువులో రొయ్య అలాటిది కాదు. అది రోజూ మేత తింటుంది. దానికి ఊపిరాడాలంటే ఏరేటర్లు రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు పోతే డీజిలు పోయాలి. ఇంత పోషించినా తెల్లమచ్చ వ్యాధి సోకితే చెరువు చెరువంతా పోతుంది. అందుచేత భయపడిన రైతు ఎదగని పంటనే పట్టి అమ్మజూపాడు. అందరూ ఒకే వారంలో అమ్మజూపితే ధర ఏమవుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు.

ఇక్కడ మన గృహిణులకు ఒక మాట చెప్పాలి. రొయ్యల బజారులో ధర ‘కౌంటు’ను బట్టి నడుస్తుంది. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంటు. 100 తూగితే 100 కౌంటు. కౌంటు చిన్నదైనకొద్దీ రొయ్య పెద్దది, ధరా పెద్దది. ఆ మార్చిలో రైతు 30 కౌంటు దాకా ఆగలేక 100 కౌంటుకే వలవేశాడంటే, లాభం మాట అటుంచి, మేత ఖర్చు చేతికొస్తే చాలునని అనుకున్నాడన్నమాట.

రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను పిలిపించి మాట్లాడి, కౌంటువారీగా కనీస ధరలు నిర్ణయించింది. ఏప్రిల్ 10న కేంద్ర ప్రభుత్వం చేపల, రొయ్యల సాగును, మేత తయారీని, శీతలగిడ్డంగులను, రవాణాను లాక్‌డౌన్ నిబంధనలనుంచి మినహాయించింది. లారీలు కదిలాయి. ఫ్యాక్టరీలలో దూరం దూరంగా నిలబడి తలలు తీసే, పొట్టు ఒలిచే స్త్రీలు తిరిగి పనిలోకి వచ్చారు. మొత్తం వ్యాపారానికి ఆ చేతులే ఇరుసు అని అందరికీ తెలిసివచ్చింది కూడా అప్పుడే.

ఇది రొయ్య ఒక్కదాని కథ కాదు. 2020 ఏప్రిల్ నెలలో భారతదేశం నుంచి వెళ్లిన సరకుల విలువ 1,036 కోట్ల డాలర్లు మాత్రమే. అంతకు ముందు సంవత్సరం అదే నెలతో పోలిస్తే నూటికి 60 పాళ్లు పడిపోయింది. ఈ దశలో ఎగుమతిదారులను ఆదుకోవడానికి ఢిల్లీలోను, బొంబాయిలోను కొన్ని నిర్ణయాలు జరిగాయి. వాటి పేర్లు గంభీరంగా ఉంటాయి గాని, సంగతి మన ఇంటి పద్దు వంటిదే.

విదేశానికి సరకు పంపినవాడు దాని సొమ్మును 9 నెలలలోగా దేశానికి రప్పించాలన్నది అప్పటి నియమం. ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు ఆ గడువును, జూలై 31లోగా పంపిన సరకుకు, 15 నెలలకు పెంచింది. కొన్నవాడి దుకాణమే మూతపడినప్పుడు అమ్మినవాడి మెడమీద కత్తిపెట్టి ప్రయోజనం లేదు గదా! అలాగే విదేశీ ఆర్డరు చూపించి బ్యాంకులో తెచ్చుకునే ఎగుమతి రుణం గడువును మే నెలలో ఏడాది నుంచి 15 నెలలకు పొడిగించారు. ఆ నెలలోనే చిన్న పరిశ్రమల కోసం 3 లక్షల కోట్ల రూపాయల హామీ రుణ పథకం వచ్చింది. పాత బాకీలో నూటికి 20 పాళ్ల వరకు, కొత్తగా తాకట్టు లేకుండా, ప్రభుత్వ హామీ మీద అప్పు దొరికింది. మార్చి 31తో ముగియవలసిన విదేశీ వాణిజ్య విధానాన్ని మరొక సంవత్సరం పొడిగించారు. విదేశీ వాణిజ్య డైరెక్టరేటు వారు ఎగుమతిదారుల ఇబ్బందులు వినడానికి ప్రత్యేక సహాయ కేంద్రం తెరిచారు.

ఇవన్నీ మంచి పనులే. ఐతే కుడిచేత ఇచ్చిన దానిని ఎడమచేత్తో అందకుండా చేసిన సందర్భమూ ఉన్నది. ఎగుమతి ప్రోత్సాహకానికి 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఒక్కొక్క ఎగుమతిదారుకు 2 కోట్ల రూపాయల హద్దు విధించారు. 2021 జనవరి 1 నుంచి కొత్త పద్ధతి అన్నారు. దాని రేట్లు మాత్రం ఆగస్టు 17న గాని వెల్లడి కాలేదు. తిరిగి ఎంత వస్తుందో తెలియకుండా ఏడున్నర నెలలు విదేశీయుడికి ధర చెప్పవలసివచ్చిన వర్తకుడి అవస్థ ఊహించుకోండి. పెళ్లికి ఎంతమంది వస్తారో చెప్పకుండా వంటవాణ్ణి విస్తళ్లు లెక్కపెట్టమన్నట్టుంది.

ఇక బజారు కబుర్ల సంగతి. మహమ్మారి రోజులలో గడువుల కంటె, అప్పుల కంటె విలువైనది కబురే అని నా అభిప్రాయం. ఎందుకంటారా? అమెరికాలో హోటళ్లు మూతపడ్డాయన్న వార్త మన రైతుకు నిమిషాలలో చేరింది. ఆ హోటళ్లలో తినేవాళ్లే ఇంట్లో వండుకోవడం మొదలుపెట్టారనీ, పెద్ద దుకాణాలలో పొట్టు తీసి, నరం తీసి, సంచీలలో కట్టిన రొయ్యకు గిరాకీ పెరిగిందనీ, ఆ రెండవ కబురు చెరువుగట్టుకు ఆలస్యంగా చేరింది. మొదటి కబురు విని అమ్ముకున్నవాడు నష్టపోయాడు. రెండవది ముందుగా తెలిసినవాడు కొన్నాడు. ఇందులో మోసమేమీ లేదు. కబురు చేరడంలో ఉన్న తేడాయే ఒకరి నష్టం, మరొకరి లాభం అయింది.

2020 చివరలో మరొక దెబ్బ తగిలింది. సరకు పెట్టెల పైభాగాన వైరస్ ఆనవాళ్లు కనిపించాయని చైనా అధికారులు మన దేశపు కొన్ని సంస్థల దిగుమతులను ఆపివేశారు. ఆ మీదట ఖాళీ కంటెయినర్లకు కరువు, ఓడ కిరాయిలకు రెక్కలు వచ్చాయి.

ఇంత జరిగినా అంకెలు చూస్తే ధైర్యం కలుగుతుంది. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ లెక్కల ప్రకారం 2019-20లో దేశం నుంచి వెళ్లిన చేపలు, రొయ్యలు మొదలైనవి 12.89 లక్షల టన్నులు. 2020-21లో అవి 11.49 లక్షల టన్నులకు తగ్గి, 2021-22లో 13.69 లక్షలకు పెరిగాయి. రూపాయలలో ఐతే 46,662 కోట్లు, 43,717 కోట్లు, 57,586 కోట్లు. పడినవాడు లేవడమే కాదు, రెండు మెట్లు పైకి కూడా ఎక్కాడు.

ఎక్కినవాడెవడు అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న. ఎగుమతిదారుకు 15 నెలల గడువు దొరికింది. చెరువు తవ్విన రైతు బ్యాంకు దృష్టిలో ఎగుమతిదారు కాడు. అతనికి మేత దుకాణంలో బాకీ, కౌలు బాకీ, డీజిలు బాకీ. బ్యాంకు అప్పు వాయిదాలు ఆరు నెలలు ఆగినా వడ్డీ ఆగలేదు. మేత దుకాణం ఖాతాకు ఆ ఆగడమూ లేదు. పైనుంచి వచ్చిన ఉపశమనం ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి, అక్కడినుంచి చెరువుగట్టుకు నడవలేకపోయింది. గేటు లోపలివారిని నిందించడం సులభమే గాని, వారి తలపైనా పాత ధరకు కుదుర్చుకున్న ఆర్డర్లు, చేరని సొమ్ము ఉన్నాయి. లోపం ఏర్పాటులో ఉన్నది. సహాయం ఎవరి పేర ప్రకటిస్తామో వారి దగ్గరే ఆగుతుంది.

మరి చేయవలసిందేమిటి? మొదటిది, ధరల సమాచారం తెలుగులో, కౌంటువారీగా, ప్రతిదినం రైతుకు చేరాలి. ఏ దేశంలో ఏ రకం సరకుకు గిరాకీ ఉన్నదో కూడా అందులో ఉండాలి. రెండవది, కష్టకాలంలో ఎగుమతిదారుకు ఇచ్చే గడువులో కొంత, అతనికి సరకు ఇచ్చిన రైతుకూ దక్కేటట్లు షరతు ఉండాలి. మూడవది, ఒకే అంగడిని నమ్ముకోరాదు. 2020-21లో ఎగుమతైన 5.90 లక్షల టన్నుల శీతలీకృత రొయ్యలో 2.72 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లాయి. ఆ పాఠం మనం నేర్చుకున్నామా అంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువుగట్ల మీద మళ్లీ పాత కలవరమే కనిపించింది. ఈసారి వ్యాధి లేదు, లాక్‌డౌన్ లేదు. భయం మాత్రం అదే.

ఈ మూడింటితోపాటు మనవంటి కుటుంబీకులు చేయగలిగినది ఒకటున్నది. మన గట్ల మీద పెరిగిన వనామీ రొయ్యలో అధికభాగం సముద్రాలు దాటి పరాయి వంటింటికి పోతున్నది. మాంసాహారం ముట్టేవారు వారానికొకసారి బజారులో రొయ్య ధర అడిగి, కౌంటు ఎంతో అడిగి, అరకిలో కొన్నా అది రైతుకు ఇంటి గుమ్మం ముందున్న అంగడి అవుతుంది. అమెరికాలో తలుపు మూసుకున్ననాడు తట్టడానికి అతనికి ఇంకొక తలుపు ఉండాలి గదా!