షుగరు, పురుషుల సంతాన ఆరోగ్యం: విశాఖ కార్మిక కుటుంబాలకు విజ్ఞప్తి

మధుమేహం పురుషుడి పునరుత్పత్తి ఆరోగ్యాన్ని ప్రధానంగా నాలుగు చోట్ల దెబ్బతీస్తుంది. అంగస్తంభన తగ్గుతుంది, స్ఖలనంలో తేడా వస్తుంది, టెస్టోస్టిరాన్ హార్మోను పడిపోతుంది, వీర్యకణాల నాణ్యత చెడుతుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. షుగరు ఉన్న మనిషి కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు చూపించుకుంటాడు గానీ ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు విప్పడు. వైద్యులు కూడా తరచు అడగరు. ఇద్దరి మౌనం వల్ల జబ్బు ముదురుతుంది, కాపురాలు నలుగుతాయి, పిల్లలు కలగని నింద భార్య మీద పడుతుంది. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, ఫిషింగ్ హార్బరులలో పనిచేసే పురుషులకు, వారి కుటుంబాలకు, కార్మిక సంఘాలకు, వైద్యులకు ఆ మౌనం వీడాలన్నదే ఈ విజ్ఞప్తి.

విశాఖకు ఇది ఎందుకు ముఖ్యం

భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అందులో తేలింది. పల్లెల్లో 8.9 శాతంగా ఉన్న ఈ జబ్బు పట్టణాల్లో 16.4 శాతం.

1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం రావడంతో విశాఖ షిఫ్టుల ఊరుగా ఎదిగింది. వారం వారం మారే డ్యూటీలతో శరీరంలోని గడియారం గాడి తప్పుతుంది. అర్ధరాత్రి భోజనం, పగటి నిద్ర వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షిఫ్టుల్లో పనిచేసేవారికి, ముఖ్యంగా మగవారికి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. దీనికి తోడు కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర వేడి ఉంటుంది. వృషణాలు శరీరం కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. ఏళ్ళ తరబడి వేడిలో పనిచేసే మనిషికి షుగరు కూడా వస్తే దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది.

అంగస్తంభన, గుండె

అంగస్తంభన రక్తనాళాలు, నరాలు కలిసి చేసే పని. మెదడు నుంచి సంకేతం రాగానే నరాల చివర్లు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దానితో అక్కడి కండరాలు సడలి, రక్తం వచ్చి నిండుతుంది. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే ఆ పొర దెబ్బతిని వాయువు తగ్గుతుంది, నరాలూ మొద్దుబారతాయి. బీడీ, సిగరెట్, మద్యం, అదుపులో లేని రక్తపోటు, కొన్ని రకాల బీపీ మాత్రలు, దిగులు దీన్ని మరింత పెంచుతాయి. 145 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో మధుమేహం ఉన్న పురుషుల్లో సగానికి పైగా ఈ సమస్యతో ఉన్నట్టు తేలింది. షుగరు లేనివారి కన్నా వీరికి ఇది పదేళ్ళు, పదిహేనేళ్ళు ముందుగానే వస్తుంది.

దీన్ని దాచడం ప్రాణం మీదికి తెస్తుంది. అంగానికి రక్తం తీసుకువెళ్ళే ధమని వెడల్పు ఒకటి, రెండు మిల్లీమీటర్లు. గుండె ధమని మూడు, నాలుగు మిల్లీమీటర్లు. ఊరంతటికీ ఒకే నీళ్ళు వచ్చినా సన్నని గొట్టమే ముందు పూడుకుపోయినట్టు, ఒంట్లోని రక్తనాళాల జబ్బు ముందు ఇక్కడ బయటపడుతుంది. గుండెజబ్బు కనిపించడానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఈ లక్షణం మొదలు కావచ్చు. షుగరు ఉన్నవారిలో గుండెనొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు కాబట్టి ఈ ముందస్తు సూచన మరింత విలువైనది. స్తంభన తగ్గిన ప్రతి మధుమేహ రోగీ రక్తపోటు, కొలెస్ట్రాల్, గుండె పరీక్షలు చేయించుకోవాలి.

స్ఖలనం, హార్మోను, వీర్యకణాలు

స్ఖలన సమయంలో మూత్రాశయం మెడ మూసుకోవాలి. షుగరు వల్ల అక్కడి నరాలు దెబ్బతింటే అది మూసుకోక, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. వీర్యం చాలా తక్కువగా రావడం, అసలు రాకపోవడం, ఆ తర్వాత మూత్రం మబ్బుగా ఉండడం దీని గుర్తులు. దీనివల్ల ఒంటికి హాని లేదు, పిల్లలు కలగడమే కష్టమవుతుంది. మూత్ర పరీక్షతో దీన్ని గుర్తించవచ్చు. కొందరికి మందులతో నయమవుతుంది. మిగిలినవారికి మూత్రం నుంచే వీర్యకణాలను వేరుచేసి సంతాన చికిత్సలో వాడే వీలుంది.

రెండో రకం మధుమేహం ఉన్న పురుషుల్లో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటుంది. కోరిక తగ్గడం, నీరసం, కండ కరగడం, దిగులు దీని లక్షణాలు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఈ హార్మోనును స్త్రీ హార్మోనుగా మారుస్తుంది. హార్మోను తగ్గితే కొవ్వు మళ్ళీ పెరుగుతుంది. టెస్టోస్టిరాన్ పరీక్షకు ఉదయం పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువగా వస్తే మరో రోజు మళ్ళీ చేయించాలి. నైట్ డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్ళి ఇచ్చిన రక్తంతో సరైన ఫలితం రాకపోవచ్చు. రాత్రి సరిగా నిద్రపోయిన రోజున ఇవ్వడం మంచిది. బిడ్డలు కావాలనుకునేవారు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోకూడదు. బయటి నుంచి హార్మోను వస్తే మెదడు వృషణాలకు పంపే సంకేతం ఆగిపోయి వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. మళ్ళీ మొదలవడానికి నెలలు పట్టవచ్చు.

వీర్యకణాల సంఖ్య బాగున్నా లోపల నష్టం ఉండవచ్చు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు 2007లో ఈ సంగతి గమనించారు. మధుమేహం ఉన్న పురుషుల వీర్యకణాల్లో డీఎన్ఏ నష్టం 53 శాతం, లేనివారిలో 32 శాతం ఉంది. సంఖ్యలో, కదలికలో మాత్రం పెద్ద తేడా లేదు. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు పుట్టే హానికర ఆక్సిజన్ అణువులు ఈ నష్టానికి ఒక కారణం. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే బిడ్డ కోసం ప్రయత్నించే ముందు కనీసం మూడు నెలలు షుగరును అదుపులో ఉంచుకోవాలి.

ముందోలు చర్మం మీద తెల్లటి పూత, దురద, పగుళ్ళు, చర్మం వెనక్కి రాకపోవడం కొందరిలో మధుమేహానికి తొలి గుర్తులు. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలతో ఇలాంటి ఫంగస్ ఇన్ఫెక్షన్ పెరగవచ్చు. మాత్ర సొంతంగా మానకుండా, రోజూ నీటితో కడిగి పొడిగా ఉంచుకుంటూ వైద్యుడికి చూపించాలి.

వైద్యం, మోసం

ముందుగా మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని, వైద్యుడు చెప్పిన స్థాయికి తెచ్చుకోవాలి. చాలామందికి అది 7 శాతం లోపు. పొగాకు మానడం, రోజూ నడవడం, బరువు తగ్గడం స్తంభనకూ హార్మోనుకూ మేలు చేస్తాయి. ఆపైన సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వంటి మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. అయితే వైద్యుడి చీటీ లేకుండా వాడకూడదు. గుండెజబ్బుకు నైట్రేట్ మందులు, అంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటివి వాడేవారు వీటిని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్రలు పనిచేయనివారికి వాక్యూమ్ పంపు, ఇంజెక్షన్, శస్త్రచికిత్స ఉన్నాయి.

నరాల బలహీనత పోగొడతామనే గోడపత్రికలను, లాడ్జి గదుల్లో కూర్చునే నకిలీ వైద్యులను నమ్మవద్దు. మధుమేహాన్ని, లైంగిక బలహీనతను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, మహిమల చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపినట్టు అనేక దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. గుండె మందులు వాడే మనిషికి ఆ పొడి విషంతో సమానం.

ఎవరు ఏం చేయాలి

షుగరు ఉన్న పురుషులు వచ్చేసారి వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సమస్యల్లో ఏదైనా ఉంటే తామే చెప్పాలి. ముప్పై దాటినవారు, పిల్లలు కలగనివారు, స్తంభన తగ్గినవారు షుగరు పరీక్ష చేయించుకోవాలి. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రి, హనుమంతవాకలోని విమ్స్, ఉక్కునగరంలోని స్టీల్ ప్లాంట్ ఆసుపత్రి, పోర్టు గోల్డెన్ జూబిలీ ఆసుపత్రి ఈ నగరంలోనే ఉన్నాయి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న కాంట్రాక్టు కార్మికుడు దాని ద్వారా వైద్యం పొందవచ్చు. పేటల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు.

సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. కాబట్టి అత్తమామలు కోడలిని ఆసుపత్రుల చుట్టూ తిప్పేముందు కొడుకు వీర్యపరీక్ష చేయించుకునేలా చూడాలి. అది సులువైనది, ఖర్చు తక్కువ. భార్యలు స్తంభన తగ్గడాన్ని ప్రేమ తగ్గడంగా భావించకుండా భర్తతో కలిసి వైద్యుడి దగ్గరికి వెళ్ళడం మేలు.

కార్మిక సంఘాలు ఏటా జరిగే వైద్యపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ చేర్చాలని, కాంట్రాక్టు కార్మికులకూ అది వర్తించాలని, రాత్రి షిఫ్టు క్యాంటీన్లలో షుగరు రోగికి తగిన భోజనం ఉండాలని యాజమాన్యాలను అడగాలి. వైద్యులు షుగరుతో వచ్చిన ప్రతి పురుషుడినీ తలుపు మూసి, నలుగురి ముందు కాకుండా, స్తంభన సమస్య ఉందా అని తామే అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో వైద్యం మొదలవుతుంది, గుండెజబ్బును ముందే పట్టుకునే అవకాశం దొరుకుతుంది.