మిర్చికి లారీ ఒక్కటే దారా?

కొండమోడు–పేరేచర్ల రోడ్డును నాలుగు వరుసలు చేస్తున్నారు. సత్తెనపల్లి మీదుగా పోయే ఈ 50 కిలోమీటర్ల దారి ఎప్పుడో వెడల్పు కావలసింది. అంతమాత్రాన గుంటూరు యార్డుకు వచ్చే మిర్చి రవాణా కష్టాలన్నీ తీరవు. కర్నూలు వైపు నుంచి వచ్చే టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు నల్లమల ఘాట్ దిగాలి. పులుల అడవిని ఎంతని తవ్వుతాం?

సరిహద్దు దాటే సరుకు లెక్క వేరు. కరోనా రోజుల్లో, 2020 జులైలో, గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 16 పార్శిల్ వ్యాన్లున్న రైలు 384 టన్నుల ఎండుమిర్చిని బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు చేర్చింది. లారీకి టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైలుకు 4,608 మాత్రమేనని రైల్వేనే చెప్పింది. పూర్తి గూడ్సు రైలు నింపేంత సరుకు చిన్న వ్యాపారి దగ్గర ఉండదు కాబట్టి పార్శిల్ వ్యాన్లే అతనికి అనువు.

యార్డు కిటకిటలాడే ఫిబ్రవరి నుంచి మే వరకైనా అలాంటి రైళ్లకు ముందే తేదీలు ప్రకటించాలి. కొత్త రోడ్డు పక్కన ట్రాక్టర్లకు సర్వీసు రోడ్డూ వేయాలి. కాంట్రాక్టరు బిల్లులు తీసుకుని వెళ్లిపోయాక అడిగితే ఎవరూ వినరు.