ఇరువదియైదు దినముల లెక్క

పదునైదేండ్ల క్రిందట మా పిన్ని రొమ్మున చిక్కుడుగింజయంత గడ్డను తానే తడిమి కనుగొని, జాగు చేయక శస్త్రచికిత్స చేయించుకొని, పిదప ‘కరెంటు పెట్టించుకొనుటకై’, అనగా కిరణచికిత్సకై, పట్టణమునకు వచ్చి, ఆసుపత్రి వెనుక సందులో అద్దెగది తీసికొని ఐదు వారములు గడపెను. యంత్రము క్రింద ఆమె పడుకొనునది దినమునకు రెండు మూడు నిమిషములు. ఆ నిమిషములకై వరండాలోని ఇనుపబల్లపై కాచుకొనునది రెండు గంటలు. గురుతుకై ప్రక్కటెముకలపై పెట్టిన సిరాచుక్క చెరిగిపోవునేమోయని ఆ ప్రక్క సబ్బు తగులనీయక, రాత్రియైనంతనే క్యాలెండరులో ఒక గడిని పెన్సిలుతో కొట్టివేసి, “ఇంకా పదకొండు సిట్టింగులురా అబ్బాయీ! అక్కడ మీ బాబాయి వండుకుంటున్నాడో, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నాడో” అని నిట్టూర్చుచుండెడిది. ఇరువదియైదు అను సంఖ్య శాస్త్రశాసనమని ఆమె నమ్మినది, నేనును నమ్మితిని.

ఆ సంఖ్యకు మూలము పారిస్ నగరమున కలదు. అచట క్లాడియస్ రెగో అను శాస్త్రజ్ఞుడు పొట్టేళ్ల వృషణములపై కిరణములను ప్రసరింపజేసి, ఒక్కమారే పెద్ద మోతాదు ఇచ్చినచో చర్మము మాడుననియు, దానినే విభజించి పలుదినములలో ఇచ్చినచో చర్మమునకు హాని లేకయే బీజకణములు నశించుననియు కనుగొనగా, 1920ల నాటికి ఆన్రీ కూతార్ ఆ సూత్రమును మనుష్యుల క్యాన్సరు చికిత్సకు వర్తింపజేసెను. ఆ విభజనయే రొమ్ము విషయమున దినమునకు 2 గ్రేలు (గ్రే యనగా కిరణముల మోతాదుకు కొలమానము), వారమునకు ఐదు దినములు, మొత్తము 50 గ్రేలు అను ఆచారముగా స్థిరపడినది. ఇందొక విచిత్రము కలదు. చిన్న మోతాదుల నుండి తేరుకొనునది ఆరోగ్యకణము మాత్రమే యని అందరును తలంచిరి గాని, రొమ్ము క్యాన్సరు కణమును ఈ విషయమున ఇంచుమించు ఆరోగ్యకణము వంటిదేయని తరువాతి పరీక్షలు తెలిపినవి. అనగా ఇన్నాళ్లును శత్రువునకు సైతము మనము అంతే దయ చూపుచుంటిమన్నమాట!

దినపు మోతాదును పెంచి సిట్టింగులను తగ్గించినచో ఏమగునో చూచుటకై కెనడాలో 1,234 మంది స్త్రీలలో కొందరికి 25 సిట్టింగులును, కొందరికి 42.5 గ్రేలతో 16 సిట్టింగులును ఇచ్చి పదేండ్లు గమనింపగా, వ్యాధి అదే రొమ్మున తిరుగబెట్టినది మొదటివారిలో నూటికి 6.7, రెండవవారిలో 6.2. ఈ ఫలితము 2010లో వెలువడినది. బ్రిటనులో పదునైదు సిట్టింగులే వాడుకయైన పిమ్మట, ఫాస్ట్-ఫార్వర్డ్ అను పరిశోధనలో 97 ఆసుపత్రులకు చెందిన 4,096 మంది చేరగా, వారిలో కొందరికి ఒక్క వారములో, ఐదే సిట్టింగులలో, 26 గ్రేలు ఇచ్చిరి. ఐదేండ్లకు తిరుగబెట్టుట మూడు వారముల పద్ధతిలో 2.1 శాతము, వారము పద్ధతిలో 1.4. అదే ఐదు సిట్టింగులలో 27 గ్రేలు పొందినవారికి మాత్రము రొమ్ము గట్టిపడుట మొదలగు బాధలు హెచ్చినవి. ఒక్క గ్రే భేదము! మోతాదు పెద్దదైనకొలది లెక్క ఎంత సూక్ష్మముగా ఉండవలెనో దీనివలన తెలియుచున్నది. 2020 ఏప్రిలులో, ఆసుపత్రి గడప తొక్కుటకే జనులు వెరచుచుండిన కరోనా దినములలో, ఈ ఫలితము ప్రకటితమైనది.

ఇది అందరికిని తగునని నేననను. చంకలోని గ్రంథులకు కిరణములు ఇయ్యవలసినవారికి, గడ్డ ఉన్నచోట అదనపు మోతాదు కావలసినవారికి లెక్క వేరగును. అది వైద్యుడు తేల్చవలసినది. కాని తగినవారికి సైతము దీర్ఘమార్గమునే చూపుట ఏమి న్యాయము? ఒక స్త్రీకి 25 మార్లు నడపు యంత్రము ఐదుగురికి ఐదేసి మార్లు నడచును గదా! బిల్లు సిట్టింగుల లెక్కన పెరుగుచోట ఈ కూడిక అంత త్వరగా తలకెక్కకపోవచ్చును. తప్పంతయు ఆ వైపుననే లేదు. “ఐదు రోజులకే పంపేస్తున్నారంటే మావాళ్ల మీద ఆశ వదిలేసుకున్నారా?” అని డాక్టరును నిలదీసిన బంధువులను నేనెరుగుదును. పథ్యము ఎంత కఠినమైన మందు అంత గొప్పదను మన పాతనమ్మకము యంత్రములను కూడ విడువలేదు.

మొన్న పిన్నికి ఈ సంగతులన్నియు చెప్పితిని. శాతములను ఆమె వినలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచున్న చేయి నిలిపి, వ్రేళ్లపై ఏదో లెక్కించుకొని, “అయితే సోమవారం వెళ్తే శుక్రవారం రాత్రి బస్సుకి ఇంటికొచ్చేసేదాన్నన్నమాట” అన్నది.

— మితభాషి